షుగర్ అంటిన హిమోగ్లోబిన్: తూకంతో తేలిన లెక్క

మూడు నెలల షుగర్ పరీక్షలో వచ్చే అంకె అసలు దేన్ని కొలుస్తుంది? ఒక ప్రోటీన్‌కు అంటుకున్న చక్కెరను తూచి చూసే మాస్ స్పెక్ట్రోమెట్రీ ఈ ప్రశ్నకు గట్టి జవాబిచ్చింది. ఆ అంకెను ఎవరి విషయంలో జాగ్రత్తగా చదవాలో కూడా ఆ తూకమే చెబుతుంది.

ఖరగ్‌పూర్‌లోని నింపురా యార్డులో నిలిచిన ఏ గూడ్సు వ్యాగన్‌ను చూసినా, దాని ఖాళీ బరువు పక్కనే పెయింటుతో రాసి ఉంటుంది. సరుకు నింపాక వ్యాగన్‌ను వేబ్రిడ్జి మీదికి తెచ్చి, వచ్చిన బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే లోపలి సరుకు ఎంతో తెలిసిపోతుంది. తలుపు తెరవాల్సిన పని లేదు.

కణాల్లోని ప్రోటీన్ల విషయంలోనూ శాస్త్రవేత్తలు చేసేది ఇదే. ఒక ప్రోటీన్‌లో ఏ అమినో ఆమ్లం తర్వాత ఏది ఉందో తెలిస్తే, దాని ఖాళీ బరువును కాగితం మీదే లెక్కగట్టవచ్చు. తూచినప్పుడు అంతకంటే ఎక్కువ వస్తే దానికి ఏదో అంటుకుందన్నమాట. ఎంత ఎక్కువ వచ్చిందన్నదాన్ని బట్టి అంటుకున్నది ఏమిటో ఊహించవచ్చు. పరమాణువుల లోకంలో బరువును డాల్టన్లలో చెబుతారు. ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు దాదాపు ఒక డాల్టన్. ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ చేరితే 80 డాల్టన్లు పెరుగుతుంది. ఎసిటైల్ సమూహం చేరితే 42, గ్లూటాతయోన్ చేరితే 305, గ్లూకోజ్ చేరితే 162 పెరుగుతుంది. గ్లూకోజ్ అసలు బరువు 180. అంటుకునేటప్పుడు ఒక నీటి అణువు బయటికి పోతుంది కాబట్టి 18 తగ్గుతుంది.

ఈ చివరి అంకె, 162, మన దేశంలో కోట్ల కుటుంబాలకు సంబంధించినది. భారత వైద్య పరిశోధన మండలి మద్దతుతో జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. వీరిలో చాలామంది చేయించుకునే హెచ్‌బీఏ1సీ పరీక్ష, అంటే మన వాళ్లు మూడు నెలల షుగర్ పరీక్ష అని పిలిచేది, గ్లూకోజ్ అంటుకున్న హిమోగ్లోబిన్ ఎంతుందో చెప్పే పరీక్ష.

టెహరాన్‌లో దొరికిన ఆనవాలు

హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు ఉంటాయి. రెండు ఆల్ఫా, రెండు బీటా. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అన్ని రోజులూ అది రక్తంలోని గ్లూకోజ్‌లో నానుతూనే ఉంటుంది. బీటా గొలుసు మొదట్లో ఉండే వాలీన్ అనే అమినో ఆమ్లానికి గ్లూకోజ్ ముందు వదులుగా అంటుకుంటుంది. కొంతకాలానికి ఆ బంధం రూపు మార్చుకుని స్థిరపడుతుంది. ఇక ఆ కణం చచ్చేదాకా అది ఊడదు. దీనికి ఎంజైమ్ సాయం కూడా అక్కర్లేదు. రక్తంలో చక్కెర ఎంత ఎక్కువగా, ఎన్ని ఎక్కువ రోజులు ఉంటే అంత ఎక్కువ హిమోగ్లోబిన్‌కు అది అంటుకుంటుంది. అందుకే ఇది గడిచిన రెండు మూడు నెలల చిట్టా లాంటిది.

హిమోగ్లోబిన్‌లో ఇలాంటి చిన్న భాగం ఒకటి ఉందని 1958 నాటికే రసాయన శాస్త్రవేత్తలు వేరు చేసి చూశారు. మధుమేహంతో దానికున్న సంబంధాన్ని పట్టుకున్నది ఇరాన్ శాస్త్రవేత్త శామ్యూల్ రహ్బర్. టెహరాన్‌లో రోగుల రక్తంలో వారసత్వంగా వచ్చే హిమోగ్లోబిన్ తేడాల కోసం వెతుకుతుండగా ఒక అసాధారణ పట్టీ ఆయన కంటబడింది. అది మధుమేహం ఉన్నవారిలో కనిపిస్తోందని గమనించి 1968లో ప్రచురించారు. వంశపారంపర్య తేడాల కోసం వెతికితే చక్కెర ఆనవాలు దొరికింది. ఈ రెండూ ఒకదానితో ఒకటి ఎలా చిక్కుముడి పడతాయో కాసేపట్లో చూద్దాం.

ఒక్కొక్క ప్రయోగశాల, ఒక్కొక్క అంకె

1970లు, 80లలో ఈ పరీక్ష ప్రపంచమంతా వ్యాపించింది. అయితే ఒక్కో ప్రయోగశాల ఒక్కో పద్ధతి వాడేది. కొందరు విద్యుదావేశంలో తేడాను బట్టి, కొందరు చక్కెరను పట్టుకునే రసాయనాలతో, కొందరు యాంటీబాడీలతో కొలిచేవారు. ఒకే రక్తానికి వేర్వేరు చోట్ల వేర్వేరు అంకెలు వచ్చేవి. ఒక ఊళ్లో సేరు, ఇంకో ఊళ్లో సేరు ఒకటి కానట్టే ఉండేది పరిస్థితి.

అమెరికా, కెనడాలలో జరిగిన పెద్ద అధ్యయనం డీసీసీటీ ఫలితాలు 1993లో వచ్చాయి. చక్కెరను అదుపులో పెడితే కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతినడం బాగా తగ్గుతుందని టైప్ 1 మధుమేహం ఉన్నవారిలో అది రుజువు చేసింది. హెచ్‌బీఏ1సీ 7 శాతం లోపు ఉంచుకోవాలన్న సలహాకు మూలం అక్కడే ఉంది. దాంతో ఆ అధ్యయనంలో వాడిన పద్ధతి కొలతకే అందరూ తమ అంకెలను సరిచేసుకోవడం మొదలుపెట్టారు. గందరగోళం చాలావరకు తగ్గింది. కానీ ఒక ప్రశ్న మిగిలింది. ఆ పద్ధతి కొలుస్తున్నది నిజంగా వాలీన్‌కు చక్కెర అంటిన హిమోగ్లోబిన్‌నేనా? లేక దాని పక్కనే వచ్చే మరేవైనా కూడా లెక్కలో కలుస్తున్నాయా?

దీన్ని తేల్చే పనిని అంతర్జాతీయ క్లినికల్ కెమిస్ట్రీ సమాఖ్య, అంటే ఐఎఫ్‌సీసీ, 1995లో ఒక బృందానికి అప్పగించింది. ఆ బృందం మొగ్గింది తూకం వైపు.

కత్తిరించి తూచడం

మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పళ్లెం ఉండదు. అది విద్యుదావేశం ఉన్న అణువులను మాత్రమే తూచగలదు. ప్రోటీన్ లాంటి పెద్ద, సున్నితమైన అణువును ముక్కలు కాకుండా ఎగరేసి, దానికి ఆవేశం అంటించడం చాలాకాలం కుదరలేదు. 1980ల చివర్లో అమెరికా శాస్త్రవేత్త జాన్ ఫెన్ ఒక ఉపాయం చూపించారు. ప్రోటీన్ ద్రావణాన్ని సన్నని సూదిలోంచి పంపుతూ దానికి కొన్ని వేల వోల్టుల విద్యుత్తు ఇస్తే సన్నని తుంపర వస్తుంది. బిందువులు ఆరిపోయే కొద్దీ చివరికి ఆవేశంతో ఉన్న ప్రోటీన్ అణువులు మిగులుతాయి. దీనికి ఎలక్ట్రోస్ప్రే అని పేరు. దీనికిగాను ఫెన్, ఇలాంటి సమస్యకే లేజర్‌తో పరిష్కారం చూపిన జపాన్ శాస్త్రవేత్త కోయిచి తనాకా 2002లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నారు. ఆ ఏడాది మూడో విజేత కుర్ట్ వుత్రిచ్ చేసిన పని వేరే పద్ధతిలోది.

అలా ఎగిరిన అణువులను విద్యుత్ క్షేత్రం తోస్తుంది. ఒకే తోపుకు తేలికవి వేగంగా, బరువైనవి నెమ్మదిగా కదులుతాయి. ఖాళీ ట్రాలీని, నిండు ట్రాలీని ఒకే బలంతో తోసినట్టే. ఆ తేడాను బట్టి యంత్రం లెక్క తేలుస్తుంది. అయితే అది నేరుగా ఇచ్చేది బరువు కాదు, బరువును ఆవేశంతో భాగిస్తే వచ్చే అంకె. ఆవేశం రెండు ఉంటే అసలు బరువులో సగం దగ్గర కనిపిస్తుంది.

మరి బీటా గొలుసును అలాగే తూచేస్తే సరిపోదా? ఖాళీ గొలుసు బరువు 15,867 డాల్టన్లు. చక్కెర అంటితే 16,029. తేడా స్పష్టంగానే కనిపిస్తుంది. చిక్కల్లా వేబ్రిడ్జి దగ్గర ఉన్న చిక్కే. సరుకు ఎంత ఉందో తెలుస్తుంది కానీ, వ్యాగన్‌లో ఏ మూల ఉందో తెలియదు. గ్లూకోజ్ మొదటి వాలీన్‌కే కాదు, గొలుసు మధ్యలో ఉండే లైసీన్లకు కూడా అంటుకుంటుంది. రెండు సందర్భాల్లోనూ పెరిగేది 162 డాల్టన్లే. హెచ్‌బీఏ1సీ అంటే మాత్రం మొదటి వాలీన్‌కు అంటినదే.

అందుకని ఐఎఫ్‌సీసీ బృందం గొలుసును ముందు కత్తిరించింది. గ్లుటామిక్ ఆమ్లం తర్వాత మాత్రమే కోసే ఒక ఎంజైమ్ ఉంది, దాని పేరు గ్లూ-సీ. బీటా గొలుసులో మొదటి గ్లుటామిక్ ఆమ్లం 6వ స్థానంలో ఉంటుంది. కాబట్టి కోసినప్పుడు మొదటి ఆరు అమినో ఆమ్లాల ముక్క విడిపడుతుంది. వాలీన్, హిస్టిడీన్, ల్యూసీన్, థ్రియోనీన్, ప్రోలీన్, గ్లుటామిక్ ఆమ్లం. ఇందులో లైసీన్ ఒక్కటీ లేదు. ఇక ఈ ముక్కకు చక్కెర అంటి ఉంటే అది వాలీన్‌కే అంటినట్టు. ఖాళీ ముక్క బరువు 694 డాల్టన్లు, చక్కెర అంటినది 856. రెండేసి ఆవేశాలతో అవి యంత్రంలో 348, 429 దగ్గర విడివిడిగా కనిపిస్తాయి.

రెండు సంకేతాల నిష్పత్తి తీస్తే లెక్క వచ్చేసినట్టేనా? ఇంకా రాదు. చక్కెర ఉన్న ముక్క, లేని ముక్క ఒకే తేలికతో ఎగరవు. అందుకే శుద్ధి చేసిన హెచ్‌బీఏ1సీని, చక్కెర అంటని హిమోగ్లోబిన్‌ను తెలిసిన పాళ్లలో కలిపి, ముందు వాటిని తూచి యంత్రాన్ని సరిచేస్తారు. తర్వాతే రోగి రక్తం. ఈ విధానాన్ని ఐఎఫ్‌సీసీ 2001లో ఆమోదించింది, 2002లో పూర్తి వివరాలు ప్రచురించింది.

6.5 శాతం కాస్తా 48 అయింది

ఫలితం చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. పాత పద్ధతిలో 6.5 శాతం వచ్చిన రక్తాన్ని ఇలా తూస్తే వెయ్యి బీటా గొలుసుల్లో 48కే చక్కెర కనిపించింది, అంటే 4.8 శాతం. 7 శాతం అనుకున్నది వెయ్యికి 53. పాత పద్ధతి అసలు సరుకుతో పాటు పక్కన ఉన్న ఇతర రూపాలను కూడా కలిపి లెక్కపెడుతూ వచ్చిందన్నమాట.

అయితే ఇన్నాళ్ల వైద్యం తప్పా? కాదు. డీసీసీటీ చూపింది పాత అంకెకు, కళ్లు కిడ్నీల ఆరోగ్యానికి ఉన్న సంబంధాన్ని. ఆ సంబంధం నిజమే, కొలబద్ద మీద గుర్తులే కాస్త పక్కకు జరిగి ఉన్నాయి. ఒక్కసారిగా 7 శాతాన్ని 5.3 శాతంగా రాస్తే, రోగులు తమ షుగర్ తగ్గిపోయిందని పొరబడి మందులు మానేసే ప్రమాదం ఉంది. అందుకే 2007లో అంతర్జాతీయ సంస్థలు ఒక ఒప్పందానికి వచ్చాయి. కొత్త లెక్కను శాతంలో కాకుండా మోల్‌కు ఇన్ని మిల్లీమోల్‌లని చెప్పాలి, పాత శాతాన్ని దాని నుంచి ఒక సూత్రంతో రాబట్టి పక్కనే ఇవ్వాలి. కొత్త అంకెను 0.0915తో గుణించి 2.15 కలిపితే పాత శాతం వస్తుంది. కొన్ని రిపోర్టుల్లో ఈ రెండు అంకెలూ కనిపించేది ఇందుకే.

మన ఊరి ల్యాబ్‌లో ఈ పరీక్షకు మాస్ స్పెక్ట్రోమీటర్ వాడరు. అది ఖరీదైనది, ఒక్కో నమూనాకు గంటల తరబడి పని ఉంటుంది. ప్రపంచంలో కొద్ది ప్రయోగశాలలే ఈ ప్రామాణిక తూకాన్ని నడుపుతున్నాయి. పరీక్ష యంత్రాలు తయారుచేసే కంపెనీలు తమ కొలతలను ఆ లెక్కతో సరిపోల్చుకుంటాయి. కిరాణా కొట్లోని తూకపు రాళ్ల వెనక తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నట్టే, ఖరగ్‌పూర్‌లో ఇచ్చే రిపోర్టు వెనకా ఎక్కడో ఆ 348, 429 అంకెలు ఉంటాయి.

ఒక రైల్వే పట్టణం, ఎన్నో హిమోగ్లోబిన్లు

ఇప్పుడు చిక్కుముడి సంగతి. 19వ శతాబ్దం చివర బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను కూడలిగా, పెద్ద వర్క్‌షాపు ఊరుగా మలిచింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ పనుల కోసం వచ్చి స్థిరపడ్డాయి. బెంగాలీలు, ఒడియాలు, సంతాలులు, హిందీ మాట్లాడేవారు, తెలుగువారు ఇరుగు పొరుగున బతికే ఊరది. అన్ని ప్రాంతాల మనుషులు కలిసిన చోట వారి వారసత్వపు హిమోగ్లోబిన్ తేడాలూ కలుస్తాయి.

బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల్లో హిమోగ్లోబిన్ ఈ ఎక్కువగా కనిపిస్తుంది. మధ్య భారతం, ఒడిశా, ఆంధ్ర, తెలంగాణల్లోని గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్‌కు కారణమైన హిమోగ్లోబిన్ ఎస్ ఉంది. 2023 జూలై 1న కేంద్రం ప్రారంభించిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ పరిధిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా, పశ్చిమ బెంగాల్ నాలుగూ ఉన్నాయి. బీటా థలసీమియా లక్షణం దేశమంతటా కనిపిస్తుంది. ఈ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చినవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. చాలామందికి ఆ సంగతే తెలియదు.

షుగర్ పరీక్షలో ఇది ఎలా అడ్డొస్తుంది? సికిల్ హిమోగ్లోబిన్‌నే తీసుకోండి. అందులో బీటా గొలుసు 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ ఉంటుంది. గ్లూ-సీ ఎంజైమ్ కోయాల్సిన చోటు అదే కదా! అక్కడ కోత పడదు. 7వ స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం దగ్గర పడుతుంది, ముక్క బరువు మారిపోతుంది. ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ సికిల్ జన్యువు వచ్చిన వ్యక్తిలో మామూలు బీటా గొలుసే ఉండదు. నిర్వచనం ప్రకారం అతనిలో హెచ్‌బీఏ1సీ అన్నదే ఉండదు. యంత్రం ఏదైనా అంకె ఇచ్చినా దానికి అర్థం లేదు.

హిమోగ్లోబిన్ ఈ కథ వేరు. అక్కడ 26వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు లైసీన్ ఉంటుంది. బరువులో తేడా ఒక డాల్టన్‌కు కాస్త తక్కువ. 15,867లో ఒక్కటి! నిండు వ్యాగన్‌కు కొన్ని కిలోలు ఎక్కువో తక్కువో అయినంత తేడా. గొలుసు మొత్తాన్ని తూస్తే దీన్ని పట్టడం కష్టం. ముక్కలు చేసి చూస్తే దొరుకుతుంది. అయితే విద్యుదావేశంలో మాత్రం మార్పు పెద్దది, రుణావేశం పోయి ధనావేశం వచ్చింది. కాబట్టి ఆవేశాన్ని బట్టి వేరుచేసే మామూలు యంత్రాల్లో కొన్ని దీన్ని విడిగా చూపుతాయి. కొన్నింటిలో ఇది ఫలితాన్ని అటో ఇటో లాగవచ్చు. ఏ యంత్రం, ఏ పద్ధతి అన్నదాన్ని బట్టి ఉంటుంది.

యంత్రం కచ్చితంగా తూచినా తీరని సమస్య ఇంకొకటి ఉంది. ఈ పరీక్ష ఎర్ర రక్తకణం వయసు మీద ఆధారపడింది. కణాలు త్వరగా చచ్చిపోతుంటే, రక్తస్రావం జరిగితే, ఇటీవల రక్తం ఎక్కించుకుంటే చక్కెర అంటుకోవడానికి సమయం చాలదు. షుగర్ ఎక్కువగా ఉన్నా అంకె తక్కువ వస్తుంది. ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతలో దీనికి ఉల్టాగా, షుగర్ పెరగకపోయినా అంకె కాస్త పెరిగినట్టు కనిపించవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, పశ్చిమ బెంగాల్‌లో 71.4 శాతం. ఇంత పెద్ద సంఖ్యలో ఉన్నవారిని అరుదైన మినహాయింపులుగా తీసిపారేయలేం.

రెండువైపులా నష్టమే. ఉన్న మధుమేహం బయటపడకపోతే కళ్లు, కిడ్నీలు చడీచప్పుడు లేకుండా పాడవుతాయి. లేని మధుమేహాన్ని ఉందన్నా, ఉన్నదాన్ని ఎక్కువ చేసి చూపినా మందు మోతాదు పెరిగి షుగర్ పడిపోయే ప్రమాదం. రాత్రి డ్యూటీలో ఉన్న మనిషికి అది ప్రాణాల మీదికి రావచ్చు.

హిమోగ్లోబిన్ కాకపోతే ఇంకేది?

రక్తంలో చక్కెర అంటేది హిమోగ్లోబిన్ ఒక్కదానికే కాదు. ప్లాస్మాలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ఆల్బుమిన్‌కూ అంటుతుంది. దీనికి ఎర్ర రక్తకణంతో పని లేదు, కాబట్టి సికిల్ అయినా హిమోగ్లోబిన్ ఈ అయినా అడ్డు రావు. ఆల్బుమిన్ ఆయుష్షు తక్కువ కాబట్టి ఇది చూపేది గత రెండు మూడు వారాల సంగతి. పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో మహేష్ కులకర్ణి బృందం ఆల్బుమిన్‌లో ఏయే చోట్ల చక్కెర అంటుతుందో మాస్ స్పెక్ట్రోమెట్రీతో చూస్తూ వచ్చింది. ఆల్బుమిన్ తక్కువగా ఉన్న మధుమేహ రోగుల్లో మిగతా ప్లాస్మా ప్రోటీన్లకు చక్కెర అంటడం, హెచ్‌బీఏ1సీ ఎక్కువగా ఉన్నాయని ఆ బృందం 2012లో ప్రచురించింది. ఆల్బుమిన్ చక్కెరను తనమీద వేసుకుని మిగతా ప్రోటీన్లను కొంత కాపాడుతుందన్నది వారి ఆలోచన. అయితే కాలేయం, కిడ్నీ జబ్బుల్లో ఆల్బుమిన్ మోతాదే మారిపోతుంది. అంటే దీనికీ దాని హద్దులు దానికి ఉన్నాయి.

రంగు నుంచి బరువు దాకా

చక్కెర తనంతట తాను అంటుకుంటే, కణం కావాలని చేసుకునే మార్పులు ఇంకెన్నో ఉన్నాయి. ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలించడం, తీసేయడం కణంలో స్విచ్ వేసి ఆర్పడం లాంటిది. ఫాస్ఫేట్ కొలతలో ఒక తెలుగువాడి పేరు చిరస్థాయిగా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రంగు చిక్కదనాన్ని బట్టి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ వెలుగు చూడటంలో ఆ కొలత పాత్ర పెద్దది. ఆ రంగు ఫాస్ఫరస్ ఎంతుందో చెబుతుంది. ఏ ప్రోటీన్‌లో, ఎన్నో స్థానంలో ఉందో చెప్పాలంటే 80 డాల్టన్ల అదనపు బరువును వెతకాలి, ముక్కను యంత్రంలోనే మళ్లీ విరిచి ఏ తునకలో ఆ బరువు ఉందో చూడాలి.

బరువును ఎంత సూక్ష్మంగా తూస్తే అంత లాభం. ఎసిటైల్ సమూహం చేరినా, మూడు మిథైల్ సమూహాలు చేరినా ప్రోటీన్ 42 డాల్టన్లే పెరుగుతుంది. దశాంశాల్లోకి వెళితే ఒకటి 42.011, రెండోది 42.047. ఆ 0.036 తేడాను పట్టగల యంత్రాలు నేడు ఉన్నాయి. హైదరాబాద్ సీసీఎంబీ లాంటి సంస్థల్లో కణ ప్రోటీన్ల అధ్యయనాలకు మాస్ స్పెక్ట్రోమెట్రీ నిత్యం వాడే పనిముట్టు. అల్జీమర్స్‌ను రక్తంలోనే గుర్తించే పరీక్షల్లో ఒక రకం, టౌ ప్రోటీన్ 217వ స్థానంలో ఫాస్ఫేట్ ఉన్నవి ఎన్ని, లేనివి ఎన్ని అని ఇదే తరహాలో నిష్పత్తి తీస్తుంది.

రిపోర్టు చేతికొస్తే

సాధారణంగా హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, ఆపైన వస్తే మధుమేహంగా పరిగణిస్తారు. పరగడుపున గ్లూకోజ్ 126 మిల్లీగ్రాములు దాటినా, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200 దాటినా అంతే. ఈ మూడూ ఒకే మాట చెబితే సందేహం లేదు. ఇంట్లో గ్లూకోమీటర్ అంకెలు ఒకలా, మూడు నెలల పరీక్ష మరోలా ఉంటే మాత్రం ఆ సంగతి డాక్టరు చెవిన వేయండి. ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్, థలసీమియా ఉన్నా, మీకు రక్తహీనత ఉన్నా, ఇటీవల రక్తం ఎక్కించినా, గర్భంతో ఉన్నా ముందే చెప్పండి. రిపోర్టులో హిమోగ్లోబిన్ తేడా ఉందన్న వ్యాఖ్య ఉంటే దాటవేయకండి. ఒకసారి హిమోగ్లోబిన్ రకం తెలుసుకునే పరీక్ష చేయించుకుంటే, షుగర్ పరీక్షల్లో దేన్ని నమ్మాలో తేలడంతో పాటు, పెళ్లీడు పిల్లలున్న ఇంట్లో ఇంకోలా కూడా పనికొస్తుంది. మందులు మాత్రం డాక్టరును అడగకుండా పెంచడం గానీ మానడం గానీ వద్దు. హెచ్‌బీఏ1సీ మంచి పరీక్షే. మామూలు హిమోగ్లోబిన్, మామూలు ఆయుష్షున్న ఎర్ర కణాలు ఉన్నవారికి అది సరిగ్గా సరిపోతుంది. ఆ రెండూ ఉన్నాయో లేదో ముందు చూసుకోవాలి, అంతే.